ఈసారి ఏ హత్య చదవాలి?

కె.కోటపాడు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు విజయనగరం వైపు వెళ్లాలన్నా, విశాఖ వైపు వెళ్లాలన్నా కొత్తవలస వచ్చి రైలెక్కడం మామూలే. ఒకప్పుడు రైలు ప్రయాణమంటే టిక్కెట్టుతో పాటు ఒక డిటెక్టివ్ పుస్తకం కూడా కొనాల్సిందే. పాకెట్ సైజు, న్యూస్‌ప్రింటు కాగితం, అట్ట మీద పిస్తోలో, చీకట్లో కేక పెడుతున్న అమ్మాయో. దిగాల్సిన స్టేషను వచ్చేలోగా హంతకుడు దొరకాలి. దొరక్కపోతే ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఆఖరి నాలుగు పేజీలూ ముగించి మరీ ఇంటిదారి పట్టేవాళ్లు. ఇప్పుడా చేతుల్లోకి ఫోన్లొచ్చాయి. హత్యలేమీ తగ్గలేదు, ఓటీటీలోకి కాపురం మార్చాయంతే.

మరి పుస్తకం రూపంలోనే ఒక మంచి మిస్టరీ కావాలనుకునే పాఠకుడు ఏది పట్టుకోవాలి? సమాధానం చెప్పేముందు మన దగ్గర ఏముందో ఒకసారి చూసుకోవాలి. ఎందుకంటే కొత్త నవల బాగుందో లేదో తేల్చే రుచి మనకు పాతవాటి నుంచే వచ్చింది.

తెలుగులో అపరాధ పరిశోధన నవలకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దేవరాజు వేంకటకృష్ణారావు రాసిన 'వాడే వీడు' తొలితరంలో జనం ఎగబడి చదివిన పుస్తకం. అయితే డిటెక్టివ్ అనగానే ఒక తరం మొత్తానికి గుర్తొచ్చేది మాత్రం యుగంధరే. తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన ఈ మద్రాసు డిటెక్టివుకి రాజు అనే అసిస్టెంటు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు అనే పోలీసు స్నేహితుడు. 'ప్రమీలాదేవి హత్య', 'లక్షాధికారి హత్య', 'చీకటికి వేయి కళ్లు' లాంటి పేర్లు ఇప్పటికీ పాత పుస్తకాల షాపుల్లో వినబడుతుంటాయి.

ఆ పుస్తకాలు కొనుక్కున్నవాళ్ల కంటే అద్దెకు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువేమో. అద్దె షాపులో నవలకు అసలు అట్ట చిరిగిపోయి, దాని స్థానంలో దళసరి గోధుమరంగు అట్ట ఉండేది. పక్కన దారంతో కుట్టు, పైన సిరాతో నంబరు. నలుగురి చేతులూ మారేసరికి పేజీల అంచులు మెత్తబడి గుడ్డలా తయారయ్యేవి. దాన్నయినా సహించవచ్చుగానీ, పదో పేజీ మార్జిన్లో పెన్సిలుతో ‘చంపింది డ్రైవరే’ అని రాసిపెట్టే మహానుభావుణ్ణి ఎలా క్షమిస్తాం? ఆఖరి పేజీలు ఊడిపోయిన పుస్తకమైతే ఇంకా అన్యాయం. హంతకుడెవరో తెలియకుండానే జీవితం గడిచిపోయినవాళ్లు తెలుగునాట చాలామందే ఉంటారు.

ఇవాళ చదివితే యుగంధర్ ఎలా ఉంటాడు? వేగం తగ్గలేదు. వాక్యాలు పొట్టివి, సంభాషణలు చురుగ్గా నడుస్తాయి, ప్రతి ప్రకరణం చివరా ఓ కుదుపు. కానీ ఇంగ్లీషులో ఎడ్గార్ వాలెస్ మాదిరిగా కొమ్మూరికి కూడా చిక్కుముడి మీద కంటే వెంటాడడం మీదే మక్కువ. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివుకి కనబడిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ కనబడాలన్నది వాటిలో ఒకటి. ఆ కొలబద్ద పెడితే మన పాత నవలల్లో చాలావాటికి మార్కులు తగ్గుతాయి. అయినా వాటిని చదివించింది నియమాలు కాదు, రాజు ఇప్పుడు ఏ గదిలో ఇరుక్కున్నాడోనన్న ఆదుర్దా.

చిక్కుముడి ఇష్టపడేవాళ్లకు ఆరుద్ర ఉన్నాడు. ‘త్వమేవాహం’ రాసిన కవి, సమగ్రాంధ్ర సాహిత్యాన్ని తవ్వి తలకెత్తుకున్న పరిశోధకుడు డిటెక్టివ్ నవలలు కూడా రాశాడంటే ఈతరం వాళ్లు ఆశ్చర్యపోతారు. 1925లో విశాఖపట్నంలో పుట్టిన ఈయన 'పలకల వెండి గ్లాసు', 'ఆనకట్ట మీద హత్య' లాంటివి సరదాగా రాసి పడేశాడు. పెద్ద రచయిత చిన్నపనిగా భావించకుండా రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే వీటిని వెతికి పట్టుకోవాలి.

ఆ తర్వాత మధుబాబు 'షాడో' గూఢచారిగా దేశదేశాలు తిరిగాడు. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్'తో డిటెక్టివునే నవ్వులపాలు చేశాడు. జంధ్యాల దాన్ని చిరంజీవితో 1986లో సినిమాగా తీశాడు. నెల్లూరు నేపథ్యంలో 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' చూసి నవ్వుకున్నవాళ్లు 'చంటబ్బాయ్' నవల చదివితే ఆ వంశవృక్షం వేరు ఎక్కడుందో తెలిసిపోతుంది.

యండమూరి వీరేంద్రనాథ్ రాసినవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే 'తులసిదళం' కాదు, 'అభిలాష'. ఉరిశిక్ష రద్దు కావాలని కలగనే లాయరు, నిర్దోషికి కూడా శిక్ష పడగలదని నిరూపించడానికి తనమీద తానే హత్యానేరం మోపుకుంటాడు. అసలు సంగతి తెలిసిన మనిషి సమయానికి రాకపోతే? ఉరితాడు ఒక్కో పేజీకి ఒక్కో అంగుళం దగ్గరవుతుంది. ఇప్పటి పాఠకుడు ఇక్కడొక చట్టం సంగతి గుర్తుపెట్టుకోవాలి. నవలల్లో, సినిమాల్లో మనం కంఠతా పట్టిన ‘సెక్షన్ 302’ ఇప్పుడు హత్యానేరం కాదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పేది 103వ సెక్షను. కొత్త సంహితలో 302 అంటే, కావాలని మాటలతో ఇతరుల మతభావాలను గాయపరచడం. ఇకమీదట క్రైమ్ నవల రాసేవాళ్లు ఈ ఒక్క అంకె తప్పు రాసినా, పాఠకుల్లో ఉన్న ప్లీడరు గుమాస్తాలు ఊరుకోరు.

ఇక కొత్తవాటి విషయం. ఉన్నమాట చెప్పుకుంటే, తెలుగులో మిస్టరీ ప్రతిభంతా ఇప్పుడు తెర మీదికి వెళ్లిపోయింది. 2022లో 'హిట్ 2' విశాఖపట్నాన్నే నేరస్థలంగా వాడుకుంది. పుస్తకాల్లో అంత జోరు కనబడదు. అందుకని ఇంగ్లీషు కాస్త వచ్చిన పాఠకుడికి బయటి పుస్తకాలే దిక్కు. 2005 నుంచి వచ్చినవాటిలో నాలుగు మాత్రం వదలకూడనివి.

అందరికంటే ముందు జపాన్ రచయిత కీగో హిగాషినో 2005లో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. చంపింది ఎవరో మొదట్లోనే చెప్పేస్తాడు. కూతురితో వేరుగా బతుకుతున్న ఒకామె, వేధించే మాజీ భర్తను ఆవేశంలో చంపేస్తుంది. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు, నోరు తెరిచి ప్రేమ అని కూడా చెప్పలేని మనిషి, ఆమెను కాపాడే పని నెత్తిన వేసుకుంటాడు. పోలీసులకు సాయం చేసే భౌతికశాస్త్రవేత్త ఆ మాస్టారికి పాత క్లాస్‌మేటు. ఇద్దరు తెలివైనవాళ్లు ఒకరినొకరు గౌరవించుకుంటూనే ఎత్తులు వేసుకుంటారు. వెంకటేశ్ 'దృశ్యం' చూసి ఊపిరి బిగబట్టినవాళ్లకు ఈ నవల ఖాయంగా నచ్చుతుంది. అంతా తెలుసుననుకున్న పాఠకుడికి తెలియని సంగతి ఒకటి చివరిదాకా కళ్లెదుటే ఉంటుంది. ఆ లెక్క తేలినప్పుడు గెలిచామన్న సంతోషం రాదు, గుండె బరువెక్కుతుంది. ఈ నవల హిందీలో 2023లో 'జానే జాన్' పేరుతో సినిమాగా వచ్చింది. పుస్తకం చదివాకే అది చూడాలి.

మనదేశపు కథ కావాలంటే సుజాతా మాసీ 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్' (2018). 1921 నాటి బొంబాయి. పర్వీన్ మిస్త్రీ అనే పార్సీ లాయరమ్మ, పరదా పాటించే ముగ్గురు వితంతువుల ఆస్తి వ్యవహారం చూస్తుంది. మగ పోలీసు, మగ ప్లీడరు ఎంత తెలివైనవాళ్లయినా ఆ లోపలి గదుల్లోకి అడుగు పెట్టలేరు. పర్వీన్ పెట్టగలదు. కథంతా ఆ ఒక్క వెసులుబాటు మీద నడుస్తుంది. మనదేశపు తొలితరం మహిళా లాయరు కొర్నేలియా సొరాబ్జీ జీవితం ఈ పాత్రకు స్ఫూర్తి. అదే కాలాన్ని బెంగళూరులో చూపించింది హరిణి నాగేంద్ర 'ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్' (2022). ఈమె వృత్తిరీత్యా పర్యావరణ శాస్త్రవేత్త. అందుకే ఆ ఊరి చెట్లకూ చెరువులకూ కథలో గౌరవమైన చోటు దొరికింది. మిస్టరీ కాస్త తేలికే, వేసవి మధ్యాహ్నానికి సరిపోతుంది. రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020) కూడా ఆ కోవదే. వృద్ధుల కాలనీలో నలుగురు రిటైరైనవాళ్లు పాత కేసులు తిరగేస్తూ కొత్త హత్యలో పడతారు. నవ్వుల మధ్యలో ముసలితనం గురించి నిజాలు గుచ్చుకుంటాయి.

అన్నీ చెప్పాక కూడా కె.కోటపాడు పాఠకుడికి ఒక అసంతృప్తి మిగులుతుంది. టోక్యో ఉంది, బొంబాయి ఉంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో తక్కెడ పక్కన శవం దొరికితే ఏమవుతుంది? కిరండూల్ లైనులో గూడ్సు బండి దిగి మాయమైన మనిషి సంగతేమిటి? ఇలాంటి ప్రశ్నతో మొదలయ్యే తెలుగు నవల ఎదురుపడడం అరుదు.

అయితే నేరం గురించి ఈ ప్రాంతం రాసుకోలేదనుకుంటే పొరపాటు. రాసిన తీరే వేరు. విశాఖలో ప్లీడరుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) 'ఆరు సారా కథలు'లో ఒక్క డిటెక్టివూ ఉండడు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో సారా కేసులు, సాక్షులు, హెడ్డులు, బెంచీ గుమాస్తాలు. 'మాయ' కథలో సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మ, కొత్తగా కోటు వేసిన కుర్ర ప్లీడరుకు కోర్టంటే ఏమిటో తన యాసలో పాఠం చెబుతుంది. హిగాషినో చదివి వచ్చిన పాఠకుడు ఇక్కడ హంతకుణ్ణి వెతకడం మొదలుపెడితే ఒక్కడు దొరకడు, బోలెడంత మంది దొరుకుతారు.

మరొక రచయిత మరీ దగ్గరివాడు. కొత్తవలస దాటి విజయనగరం వైపు వెళ్తే కంటకాపల్లి, దాని తర్వాతి స్టేషను అలమండ. కె.ఎన్.వై.పతంజలి (1952–2009) ఊరు అదే. పోలీసు వ్యవస్థ లోపల ఏం కుళ్లుతుందో చూపించిన 'ఖాకీవనం' రాసింది ఆయనే. అయితే మొదట చదవాల్సింది 'గోపాత్రుడు', ఆ వెంటనే 'పిలక తిరుగుడు పువ్వు'. భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని గోపాత్రుడు వాదిస్తాడు. కాదన్నవాళ్లతో గొడవ ముదిరి ఊరు రెండుగా చీలి తలలు పగులుతాయి. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. ఎవరు ఎవర్ని కొట్టారన్నది అందరికీ తెలుసు, దాచిన ఆధారమంటూ ఒక్కటీ లేదు. భూమి ఏ ఆకారంలో ఉందో ఇప్పుడు మెజిస్ట్రేటుగారే తేల్చాలి.