కత్తీ, మంత్రమూ: ఒక చిక్కు లెక్క

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ నుంచి యమున దాటితే పురానా ఖిలా. పాండవుల ఇంద్రప్రస్థం అదేనని జనం నమ్మకం. ఆ కథలో విల్లు పట్టినవాడు మంత్రమూ నేర్వాల్సిందే. అస్త్రం వదలడమే తప్ప ఉపసంహరించడం రాని అశ్వత్థామకు ఏమైందో తెలిసిందే.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపకల్పనలో 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో మాత్రం యోధుడు వేరు, మాంత్రికుడు వేరు. పాచికలు వేస్తూ మాటలతో కథ నడిపే ఈ ఆటలో రెండు విద్యలూ కావాలంటే లెక్క తెలియాలి. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో పాత్ర ఎక్కగల లెవెళ్లు మొత్తం 20. అయిదో లెవెల్‌లో యోధుడికి రెండో వేటు, మాంత్రికుడికి అగ్నిగోళం దక్కుతాయి. అటు మూడు, ఇటు రెండుగా పంచుకున్నవాడికి ఏదీ అందదు. రెంటికీ చెడ్డ రేవడి!

అందుకే ఆరితేరినవారు పాలడిన్ అనే ధర్మయోధుడికీ, సోర్సరర్ అనే పుట్టు మాంత్రికుడికీ ముడివేస్తారు. ఇద్దరి మంత్రబలమూ ‘కరిష్మా’ అనే ఒకే గుణం మీద ఆధారపడుతుంది. అదీ, బలమూ కనీసం 13 చొప్పున ఉంటే చాలు. పాలడిన్‌గా అయిదు లెవెళ్లు ఓపిక పట్టి ఆపైన మారితే రెండో వేటు చేతిలో ఉంటుంది, దెబ్బ దెబ్బకూ జోడించే మంత్రశక్తి నిల్వా పెరుగుతుంది. 2024 నిబంధనలు ఆ జోడింపును వంతుకు ఒక్కసారికి కుదించాయి.