అడవిలో టీవీ కావాలంటే ముందు చెట్లు చూడాలి

అమెరికాలో ఏ ఆర్‌వీ పార్కులోకి వెళ్లినా ఒక సంగతి కళ్లబడుతుంది. బళ్లు ఎటు తిరిగి నిలబడ్డా, వాటి పక్కన ముక్కాలి స్టాండ్ల మీదున్న డిష్‌లన్నీ దాదాపు ఒకే దిక్కు చూస్తుంటాయి. దక్షిణం. కొన్ని బండికి ఆనుకుని ఉంటాయి. కొన్ని మాత్రం ఎక్కడో రోడ్డు వారన, పక్కవాళ్ల హద్దు దాకా జరిగి ఉంటాయి. అక్కడి నుంచి నల్లటి కేబుల్ గడ్డిలో పడి బండి దాకా వస్తుంది. ఆ కేబుల్ ఎంత పొడవుంటే ఆ బండి యజమాని అంత తిరిగినవాడని అనుకోవచ్చు.

ఆర్‌వీ అంటే పడక, వంటగట్టు, స్నానాల గది అన్నీ ఇమిడిన బండి. వేసవి సెలవుల్లో అక్కడి తెలుగు కుటుంబాలు కూడా వీటిని అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ దారో, గ్రాండ్ కాన్యన్ దారో పడుతుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే మొదటి సాయంత్రానికే టీవీ ప్రస్తావన రాక తప్పదు. సొంత బండి కొనుక్కుని నెలల తరబడి తిరిగేవాళ్లకైతే అది ఇంకా పెద్ద విషయం. దుకాణంలో అడిగితే ఏ కంపెనీ డిష్, ఏ సైజు డోమ్ (గుండ్రటి మూత లోపల డిష్ దాగి ఉండేది), ధర ఎంత అన్న దగ్గరే మాటలు మొదలవుతాయి. నా లెక్కలో అవన్నీ తర్వాతి సంగతులు. బండి ఎక్కడ ఆపుతారన్నది తేలకుండా డిష్ కొనడం దండగ.

ఎందుకంటే ప్రసార ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో ఉపగ్రహం భూమిని చుట్టే వేగమూ భూమి తన చుట్టూ తాను తిరిగే వేగమూ సరిపోతాయి కాబట్టి కింద నుంచి చూస్తే అది ఆకాశంలో ఒకేచోట కొట్టిన మేకులా కదలకుండా ఉంటుంది. అందుకే డిష్‌ను ఒక్కసారి గురిపెట్టి వదిలేస్తే చాలు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లందరికీ ఆ మేకు దక్షిణం వైపే కనిపిస్తుంది. ఎంత ఉత్తరానికి పోతే అది అంత కిందికి దిగుతుంది.

ఈ చివరి మాట మన ఊళ్లలో ఉన్నవాళ్లకు పెద్దగా అనుభవంలోకి రాదు. హైదరాబాదులో మేడ మీద డిష్ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహాన్ని పట్టుకోవాలంటే క్షితిజం నుంచి దాదాపు 69 డిగ్రీల ఎత్తుకు చూడాలి. అంటే నడినెత్తికి కొంచెం వారగా అన్నమాట. ఎదురుగా 50 అడుగుల చెట్టున్నా డిష్‌ను దానికి 20 అడుగులు ఎడంగా పెడితే సరిపోతుంది. యెల్లోస్టోన్‌లో అలా కుదరదు. అక్కడ 110 డిగ్రీల పశ్చిమాన ఉన్న ఉపగ్రహం 39 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అదే 50 అడుగుల చెట్టుకు 60 అడుగులకు పైగా దూరం జరగాలి. అడవి మధ్య విడిదిలో 60 అడుగుల ఖాళీ జాగా దొరకడం అంత తేలిక కాదు.

కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఎత్తు సుమారు 10 డిగ్రీలు. దక్షిణానికి తిరిగి, క్షితిజం మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకొకటి, అలా నాలుగు పేర్చండి. యెల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో నిలబడితే నాలుగో పిడికిలి పైభాగాన 110 డిగ్రీల ఉపగ్రహం ఉన్నట్టే. అక్కడ మీకు నీలాకాశం కనిపిస్తే టీవీ వస్తుంది, పైన్ కొమ్మ కనిపిస్తే రాదు. ఫోన్‌లో కెమెరా ముందు ఉపగ్రహాల చోటు చూపించే యాప్‌లు ఉన్నాయి. అవీ బాగానే పనిచేస్తాయి గానీ దిక్సూచిని ఇనుప బండికి దూరంగా వచ్చి చూసుకోవాలి. లేకపోతే ఫోన్ చెప్పే దక్షిణం నిజం దక్షిణం కాకపోవచ్చు.

ఇక్కడే కప్పు మీద బిగించే డోమ్‌కూ నేల మీద పెట్టే డిష్‌కూ తేడా తెలుస్తుంది. కప్పు మీది డోమ్ ఎంతో సుఖం. బండి ఆపి బటన్ నొక్కితే లోపలి డిష్ తనంతట తానే తిరిగి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. వానలో కిందికి దిగే పని లేదు. కాకపోతే బండి నీడలో ఉంటే డోమ్ కూడా నీడలోనే ఉంటుంది. వేసవిలో ఎవరైనా నీడ చూసుకునే బండి ఆపుతారు కదా! నేల మీద పెట్టే డిష్ అయితే బండి చెట్టు కిందుంటే అది ఎండలో ఉంటుంది. 50 అడుగుల ఆర్‌జీ-6 కేబుల్ ఒకటి అదనంగా కొనుక్కున్నవాడికి వేల డాలర్ల పరికరం ఉన్నవాడికంటే ఎక్కువ చోట్ల టీవీ వస్తుందనడం అతిశయోక్తి కాదు. నడుస్తున్న బండిలో కూడా టీవీ చూపించే డోమ్‌లు ఉన్నాయి, ఖరీదెక్కువ. వెనక పిల్లలు గొడవ చేయకుండా ఉండటానికే అయితే ముందుగా సినిమాలు దింపుకున్న ఒక టాబ్లెట్ చాలు.

దిక్కు తేలాక కంపెనీ. అమెరికాలో ఉపగ్రహ టీవీ అంటే రెండే పేర్లు, 1994లో ప్రసారాలు మొదలుపెట్టిన డైరెక్‌టీవీ, 1996లో వచ్చిన డిష్ నెట్‌వర్క్. ఇంట్లో రెంటికీ పెద్ద తేడా లేకపోవచ్చు. బండిలో ఉంది. డైరెక్‌టీవీ తన హెచ్‌డీ చానెళ్లను 99, 103 డిగ్రీల ఉపగ్రహాల నుంచి కేఏ బ్యాండ్ అనే ఎక్కువ పౌనఃపున్యంలో పంపుతుంది. బండ్ల కోసం చేసిన చిన్న డోమ్‌లు ఆ బ్యాండ్‌ను పట్టుకోలేవు. కాబట్టి డైరెక్‌టీవీ హెచ్‌డీ కావాలంటే ఇంటి మీద ఉండేలాంటి పెద్ద డిష్‌నే స్టాండ్ మీద పెట్టాలి, లేదా కప్పు మీద మడత విప్పుకుని లేచే పెద్ద యంత్రం బిగించుకోవాలి. డిష్ నెట్‌వర్క్ హెచ్‌డీ అంతకంటే తక్కువ పౌనఃపున్యపు కేయూ బ్యాండ్‌లోనే వస్తుంది గనుక చిన్న డోమ్ సరిపోతుంది. పైగా క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లు ఒప్పందం లేకుండా వాడుకున్న నెలకు మాత్రమే డబ్బు కట్టే పద్ధతి అక్కడ ఉంది. క్యాంపుల్లో చిన్న డోమ్‌లు ఎక్కువగా డిష్ కంపెనీవే కనిపించడానికి ఇదే కారణం.

చిన్న డోమ్‌కూ ఒక లోపముంది, అమ్మేవాళ్లు దాన్ని గట్టిగా చెప్పరు. అది ఒకసారికి ఒక్క ఉపగ్రహాన్నే చూస్తుంది. డిష్ నెట్‌వర్క్ చానెళ్లు పశ్చిమాన 110, 119, 129 డిగ్రీల ఉపగ్రహాల మీద పంచి ఉంటాయి. ముందు గదిలో నాన్న చూసే చానెల్ 119లో, వెనక పడకగదిలో పిల్లలు చూసే చానెల్ 129లో ఉంటే డోమ్ ఒకరి మాటే వింటుంది. రిమోట్ కోసం కొట్టుకునే రోజులు పోయాయనుకున్నవాళ్లకు అవి మళ్లీ గుర్తొస్తాయి. రెండు టీవీలు తప్పనిసరైతే మూడు ఎల్‌ఎన్‌బీలు (డిష్ ముందుండి సిగ్నల్‌ను అందుకునే భాగాలు) ఉండే ఓపెన్ డిష్‌ను స్టాండ్ మీద పెట్టుకోవడమే మేలు. దాన్ని గురిపెట్టడానికి కొంత ఓపిక కావాలి, ధర మాత్రం డోమ్ కంటే తక్కువే.

ఈ మూడు ఉపగ్రహాలూ దేశమంతా ఒకేలా కనిపించవు. అరిజోనాలో క్వార్ట్‌సైట్ అనే ఎడారి ఊరుంది. చలికాలం వచ్చిందంటే ఉత్తరాది నుంచి వేలకు వేలు ఆర్‌వీలు అక్కడికి చేరతాయి. అక్కడ మూడూ దాదాపు ఐదు పిడికిళ్ల ఎత్తులో, అడ్డుగా ఒక్క చెట్టు కూడా లేకుండా కనిపిస్తాయి. ఉపగ్రహ టీవీకి అంతకంటే మంచి చోటు ఉండదేమో. అదే బండిని మరుసటి వేసవిలో మెయిన్ రాష్ట్రంలోని అకేడియా పార్కుకు తోలితే 129 డిగ్రీల ఉపగ్రహం క్షితిజం మీద 12 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. ఒక పిడికిలి కంటే కాస్త ఎక్కువ, అంతే. చిన్న గుట్ట అడ్డొచ్చినా చాలు, అది కనిపించదు. తూర్పు తీరం కోసం డిష్ కంపెనీ 61.5, 72.7 డిగ్రీల దగ్గర వేరే ఉపగ్రహాలు నడుపుతుంది. 61.5 డిగ్రీలది అకేడియాలో 38 డిగ్రీల ఎత్తులో హాయిగా కనిపిస్తుంది. కొనే డోమ్ పడమటి వరసకూ తూర్పు వరసకూ రెంటికీ మారగలదా అన్నది తప్పకుండా అడగాలి. అలాస్కా వెళ్లేవాళ్లు చిన్న డోమ్ మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో అదే 129 డిగ్రీల ఉపగ్రహం 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అక్కడికి చేరే సిగ్నల్ కూడా బలహీనమే.

ఊరు దాటాక స్థానిక వార్తలు పోతాయి. దీన్ని పరికరం పాడైందని అనుకునేవాళ్లు చాలామంది. స్థానిక చానెళ్లను కంపెనీలు సన్నని కిరణాలుగా ఆ ప్రాంతం మీదికే పంపుతాయి. ఆ కిరణం దాటి కొన్ని వందల మైళ్లు వెళితే డిష్ ఎంత బాగున్నా అవి రావు. కంపెనీకి చెప్పి చిరునామా మార్పించుకుంటే మీరున్న చోటి చానెళ్లు వస్తాయి. ఆర్‌వీలకూ లారీలకూ అమెరికా చట్టం ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు ఒకటుంది. బండి రిజిస్ట్రేషన్ కాపీ, సంతకం చేసిన పత్రం ఇస్తే ఎక్కడ తిరుగుతున్నా న్యూయార్క్ లాంటి దూరపు నగరం చానెళ్లు చూసేందుకు అది అనుమతిస్తుంది.

ఇక బిగింపు. స్టాండ్ నిలబెట్టాక ముందు చూడాల్సింది మధ్య గొట్టం నిటారుగా ఉందా లేదా అన్నది. నీటి బుడగ లెవెల్‌తో చూసి మూడు కాళ్లూ సర్దాలి. గొట్టం వంకరగా ఉంటే డిష్ మీది డిగ్రీల గీతలు చెప్పేదంతా అబద్ధమే. ఆ తర్వాత ఎత్తు పెట్టి, పక్కలకు అంగుళం అంగుళం జరుపుతూ రావాలి. జరిపిన ప్రతిసారీ ఒకటి రెండు క్షణాలు ఆగాలి, బాక్సు సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అడుగున్నర డిష్‌కు కనిపించే ఆకాశం ముక్క నాలుగు డిగ్రీలు కూడా ఉండదు కాబట్టి తొందరపడి తిప్పితే ఉపగ్రహాన్ని దాటిపోయిన సంగతే తెలియదు. గాలికి పడకుండా స్టాండ్ మధ్యలో నీళ్ల డబ్బా ఒకటి వేలాడదీస్తే సరి. అన్నీ సరిగ్గానే ఉన్నా తెర మీద సిగ్నల్ లేదంటే బండి పక్కన చూడండి. చాలా బళ్లకు కేబుల్ గుచ్చే రంధ్రాలు రెండుంటాయి. ఒకటి పార్కు వాళ్లిచ్చే కేబుల్ టీవీకి, రెండోది ఉపగ్రహానికి. మొదటి దారిలో మామూలు యాంటెనా బూస్టరో స్ప్లిట్టరో ఉంటుంది, ఉపగ్రహ సిగ్నల్ అందులోంచి పోదు. ‘శాట్’ అని రాసి ఉన్న రంధ్రంలోనే గుచ్చాలి.

కరెంటు సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ గుర్తుకురాదు. నేషనల్ పార్కుల్లో చాలా క్యాంపుల్లో ప్లగ్గులే ఉండవు. జనరేటర్ ఉందిగా అంటే దానికీ వేళలున్నాయి. యోసెమిటీలో ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే. భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు చేరే వేళకు జనరేటర్ ఆపేసి ఉంటుంది. 12 వోల్టులతో నడిచే టీవీ కొనుక్కుంటే బ్యాటరీ మీదే ఆ పూట గడిచిపోతుంది.

ఇంతా చెప్పాక, అసలు డిష్ అవసరమా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12 నాటికి డిజిటల్‌కు మారాయి. ఊరికి దగ్గరగా ఆపిన బండికి కప్పు మీది మామూలు యాంటెనాతోనే పైసా ఖర్చు లేకుండా హెచ్‌డీ చానెళ్లు వస్తాయి. ఇక 2022లో, ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఆర్‌వీల కోసం ప్రత్యేక పథకం తెచ్చాక కొత్త తరం అటే మొగ్గింది. దాని ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే, నిమిషాల్లో ఆకాశాన్ని దాటేస్తూ తిరుగుతుంటాయి. అందుకే దానికి కావాల్సిన ఆకాశమూ వేరు. టీవీ డిష్‌కు కొమ్మల మధ్య చిన్న సందు చాలు, కానీ అది సరిగ్గా ఆ చోటే ఉండాలి. స్టార్‌లింక్‌కు ఉత్తరం వైపు వాలిన విశాలమైన ఆకాశం కావాలి, మధ్యలో ఒక కొమ్మ అడ్డొస్తే మాత్రం కొన్ని క్షణాలు ఆగి మళ్లీ అందుకుంటుంది. సినిమా చూసేవాడికి ఆ ఆటంకం తెలియను కూడా తెలియదు, వీడియో కాల్‌లో ఉన్నవాడికి తెలుస్తుంది. మామూలు స్టార్‌లింక్ 75 నుంచి 100 వాట్లు తాగుతుంది, 2024లో వచ్చిన చిన్నది 25 నుంచి 40. హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ లాగుతుంది కాబట్టి డేటా హద్దున్న పథకంలో ఇంటిల్లిపాదీ సీరియళ్లు పెట్టుకుంటే కుదరదు. అయితే తెలుగు చానెళ్లే కావాలంటే చిన్న డోమ్ వల్ల ఉపయోగం లేదనే చెప్పాలి. యప్‌టీవీ, ఆహా లాంటివన్నీ ఇంటర్నెట్ మీదే వస్తాయి.

వారం రోజులకు బండి అద్దెకు తీసుకునేవాళ్లు ఏ డిష్షూ కొనక్కర్లేదు. నెలల తరబడి తిరుగుతూ, అమెరికన్ ఫుట్‌బాలో వార్తలో ప్రత్యక్షంగా చూడాలనుకునే, ఇంటర్నెట్‌తో తంటాలు వద్దనుకునే పెద్దవాళ్లకు స్టాండ్ మీది చిన్న డిష్, పొడవైన కేబుల్ ఇప్పటికీ మంచి బేరమే. కప్పు మీద వెయ్యి డాలర్లు దాటే యంత్రం బిగించుకోవాలన్న ఉత్సాహం ఉంటే మాత్రం కాస్త ఆగండి. డైరెక్‌టీవీ, డిష్ రెండింటికీ చందాదారులు ఏటా తగ్గిపోతున్నారు. 2024 సెప్టెంబరులో ఒకదాన్నొకటి కలుపుకుంటామని ప్రకటించి, నవంబరు కల్లా ఆ ప్రయత్నం మానుకున్నాయి. డైరెక్‌టీవీ కోసం 2019 జూన్‌లో పంపిన ఉపగ్రహం తర్వాత మరొకటి పైకి పోలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే డోమ్‌లను కూడా అనుమానంగానే చూడాలి. వాటిలో కొన్ని డైరెక్‌టీవీ పాత ప్రసారాల కోసం చేసినవి, హెచ్‌డీ రానివి. మోడల్ నంబర్ రాసుకుని, మీరు చందా కట్టబోయే కంపెనీకే ఫోన్ చేసి అది పనికొస్తుందో లేదో అడిగాక డబ్బు తీయండి.