చెడిపోనివాటినీ లెక్కించాలి: ఛాలెంజర్ ప్రమాదం నేర్పిన సాంఖ్యక పాఠం

సంభావ్యత అనగానే మనకు నాణేలు, పాచికలు, పేకముక్కలు గుర్తుకు వస్తాయి. అదే లెక్క ఇంజనీరింగ్‌లో మనుషుల ప్రాణాలకు సంబంధించిన నిర్ణయాలకు ఎలా ఆధారమవుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1986 జనవరి 28న ఫ్లోరిడా నుంచి పైకి లేచిన 73 సెకన్లకే అది ముక్కలైపోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అనే ఉపాధ్యాయిని కూడా ఉన్నారు.

బలహీనమైన చోటు

నౌకకు రెండు పక్కలా రెండు ఘన ఇంధన రాకెట్లు ఉండేవి. ఒక్కో రాకెట్‌ను భాగాలుగా తెచ్చి, ప్రయోగ కేంద్రంలో మూడు చోట్ల అతికేవారు. అంటే మొత్తం 6 అతుకులు. లోపలి వేడి వాయువులు బయటికి రాకుండా ప్రతి అతుకులోనూ రెండేసి రబ్బరు వలయాలు అమర్చేవారు. వీటినే ఓ-రింగులు అంటారు. ప్రెషర్ కుక్కర్ మూతకు ఉండే గాస్కెట్ చేసే పనే ఇవీ చేస్తాయి. అయితే చలికి రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు అది సందును వెంటనే మూయలేదు.

ముందురోజు రాత్రి జరిగిన చర్చ

ఈ రాకెట్లను తయారుచేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజనీర్లకు చలి గురించి భయం ఉంది. అంతకుముందు జరిగిన ప్రయోగాల్లో అతి చల్లనిది 12 డిగ్రీల సెల్సియస్ వద్ద జరిగింది. అంతకంటే చల్లగా ఉంటే ప్రయోగించవద్దని వారు సూచించారు. నాసా అధికారులు ఆధారం చూపమన్నారు. వలయాలు దెబ్బతిన్న ప్రయోగాలను పరిశీలిస్తే, 12 డిగ్రీల వద్దా నష్టం ఉంది, 24 డిగ్రీల వద్దా ఉంది. కాబట్టి ఉష్ణోగ్రతతో సంబంధం రుజువు కాలేదన్న వాదన నిలిచింది. చివరకు కంపెనీ యాజమాన్యం తన సూచనను వెనక్కి తీసుకుంది. మర్నాడు ప్రయోగ సమయానికి ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరలోనే ఉంది.

పొరపాటు ఎక్కడ?

అప్పటికి 24 ప్రయోగాలు జరిగాయి. ఒకదాని రాకెట్లు సముద్రంలో పోయాయి. మిగిలిన 23 ప్రయోగాల రాకెట్లను వెలికితీసి పరీక్షించారు. 7 ప్రయోగాల్లో వలయాలకు వేడి దెబ్బ తగిలింది. చర్చ ఈ ఏడింటి చుట్టూనే తిరిగింది. ఏ దెబ్బా తగలని 16 ప్రయోగాలను పక్కన పెట్టారు. వాటినీ కలిపి చూడండి:

18 డిగ్రీలకు లోపు: ప్రయోగాలు 4, దెబ్బతిన్నవి 4.
18 డిగ్రీలు దాటినప్పుడు: ప్రయోగాలు 19, దెబ్బతిన్నవి 3.

ఉష్ణోగ్రతతో సంబంధమే లేదనుకుందాం. అప్పుడు ఆ 7 దెబ్బలు 23 ప్రయోగాల్లో దేనికైనా తగలవచ్చు. అతి చల్లని నాలుగూ ఆ ఏడింటిలోనే ఉండే సంభావ్యత:

7/23 × 6/22 × 5/21 × 4/20 = 1/253

18 డిగ్రీల దగ్గర గీత గీసింది దత్తాంశాలు చూశాకే కనుక, ఈ సంఖ్యను అక్షరాలా తీసుకోకూడదు. అయినా ప్రయోగాన్ని ఆపి ఆలోచించడానికి ఇంత హెచ్చరిక చాలు.

ఆరు అతుకుల గుణకారం

సిద్ధార్థ దలాల్, మరో ఇద్దరు సాంఖ్యక శాస్త్రవేత్తలు 1989లో ఈ దత్తాంశాలను విశ్లేషించారు. ఆనాటి చలిలో ఘోర ప్రమాదం జరిగే సంభావ్యత కనీసం 13 శాతమని వారి అంచనా. దాదాపు 16 డిగ్రీలు వచ్చేదాకా ఆగి ఉంటే అది 2 శాతం దగ్గరికి తగ్గేది.

13 శాతం ఎంత సులభంగా వస్తుందో గమనించండి. ఒక్కో అతుకు నిలబడే సంభావ్యత 0.977 అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆరూ నిలబడాలి. 0.977ను ఆరుసార్లు గుణిస్తే 0.87 వస్తుంది. మిగిలిన 0.13 ప్రమాదానిదే.

ఈ గుణకారం స్వతంత్ర ఘటనలకే వర్తిస్తుంది. ఒక వలయం విఫలమైనా రెండోది ఆదుకుంటుందన్న ధీమాకు ఇక్కడే చిక్కు. చలి రెండింటినీ ఒకేసారి గట్టిపరుస్తుంది. కారణం ఒకటే అయినప్పుడు అవి స్వతంత్రాలు కావు.

ఇంకో సంగతి. 12 డిగ్రీలకు దిగువన ప్రయోగించిన అనుభవమే లేదు. అనుభవం లేదంటే భద్రత ఉందని అర్థం కాదు, మనకు తెలియదని మాత్రమే అర్థం.

మీరు చేయవలసినది

రేపు మీరు ఏ కర్మాగారంలో పనిచేసినా, లోపం వచ్చిన వస్తువుల జాబితా మీ ముందుకు వస్తుంది. లోపం రానివి ఎన్ని, అవి ఏ పరిస్థితుల్లో తయారయ్యాయి అని కూడా తప్పక అడగండి. ఇక ఈ లెక్క చేసి చూడండి: ఒక యంత్రంలో 100 భాగాలున్నాయి. ఒక్కోటి సరిగా పనిచేసే సంభావ్యత 0.99. అన్నీ స్వతంత్రాలు. ఒక్కటి చెడినా యంత్రం ఆగుతుంది. అది నడిచే సంభావ్యత ఎంత? జవాబు దాదాపు 0.37. నూటికి తొంభైతొమ్మిది సరిపోతుందని అనిపించినప్పుడల్లా ఈ సంఖ్యను గుర్తు చేసుకోండి.