ఫార్మసీ తొలి సెమిస్టరులోని పూరక పాఠం

బి.ఫార్మసీలో సీటు ఖాయమైన ఇంట ఫీజు గురించీ, వసతి గురించీ, బస్సు పాసు గురించీ ఎంతో చర్చ జరుగుతుంది. తొలి సెమిస్టరులోని ఒక చిన్న పాఠ్యాంశాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. విద్యార్థిని మూడవ సంవత్సరపు గుమ్మం దగ్గర నిలిపివేయగలిగినది ఆ పాఠ్యాంశమే.

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నాటి నిబంధనల ప్రకారం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు గణితం చదివినవారూ, జీవశాస్త్రం చదివినవారూ ఈ కోర్సులో చేరవచ్చు. ఇరువురూ ఒకే తరగతిలో కూర్చుంటారు. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదు. ఈ వెలితిని పూరించడానికే బై.పి.సి. వారికి ‘రెమెడియల్ మ్యాథమెటిక్స్’, ఎం.పి.సి. వారికి ‘రెమెడియల్ బయాలజీ’ ఏర్పరచారు. రెండూ చదివి వచ్చినవారికి మినహాయింపు ఉన్నది.

కర్ణాటక పి.యు.సి.లో ఈ నాలుగు శాస్త్రాలనూ కలిపి చదివేవారు చాలామంది ఉంటారు. కాబట్టి వారికి ఈ తరగతి ఉండదు. ఇంటర్మీడియట్ కోసం పిల్లలను స్వగ్రామంలో బంధువుల ఇంట ఉంచి చదివించిన మన కుటుంబాలకు ఈ సంగతి ముందుగా తెలియదు. తమ బిడ్డ దేనిలోనో తప్పినందువల్లనే ఆ తరగతికి పంపారని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అందుకు ‘రెమెడియల్’ అన్న మాటే కారణం. అనువాదం చేస్తూ నేను మొదట ‘పరిహార పాఠం’ అని వ్రాసి, అది ప్రాయశ్చిత్తంలా వినిపించడంతో కొట్టివేశాను. ‘పూరక పాఠం’ అన్నదే దాని పనిని సరిగా చెబుతుంది.

గణిత పాఠానికి వారానికి 2 గంటల చొప్పున మొత్తం 30 గంటలు కేటాయించారు. సంవర్గమానాలు, మాత్రికలు, అవకలనం, సమాకలనం, లాప్లాస్ పరివర్తన వరకు అందులోనే ఉన్నాయి. మందులకు సంవర్గమానాలతో పనేమిటని విద్యార్థులు అడుగుతారు. 4 గంటల అర్ధజీవితకాలం గల మందు శరీరంలో 500 మిల్లీగ్రాములు ఉన్నదనుకుందాం. 4 గంటలకు అది 250, 8 గంటలకు 125 అవుతుంది. మరి 6 గంటలకు? రెండింటికీ నడుమ కనుక సుమారు 187 అనిపిస్తుంది; నిజానికి మిగిలేది సుమారు 177. మోతాదుకూ మోతాదుకూ మధ్య వ్యవధిని నిర్ణయించడంలో ఇటువంటి లెక్కలే ఆధారం. ఆరవ సెమిస్టరులో ఫార్మకోకైనెటిక్స్ చెప్పే అధ్యాపకులు ఈ గణితం వచ్చుననే భావనతోనే పాఠం మొదలుపెడతారు.

ఎం.పి.సి. వారి ఇబ్బంది వేరు. పూరక పాఠం సాగుతున్న సెమిస్టరులోనే మానవ శరీర నిర్మాణ శాస్త్రం కూడా ప్రధాన పాఠ్యాంశంగా మొదలవుతుంది. అది వీరికోసం ఆగదు. కళాశాల తెరవకముందే సెలవులలో తెలుగు అకాడమీ వారి ఇంటర్మీడియట్ జంతుశాస్త్ర పుస్తకాన్ని చదువుకోవడం మేలు. బోధనా పరీక్షలూ ఆంగ్లంలోనే ఉంటాయి గనుక, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ప్రతి పదాన్నీ రెండు భాషలలోనూ వ్రాసుకొనడం మంచిది.

ఈ పరీక్షను విశ్వవిద్యాలయం కాక, కళాశాలే నిర్వహిస్తుంది. వ్రాతపరీక్ష 50 మార్కులకే; జీవశాస్త్రానికి మరో 25 మార్కుల ప్రయోగ పరీక్ష ఉంటుంది. ఇంత చిన్నది కదా అన్న చులకనే ముప్పు తెస్తుంది. ఉత్తీర్ణతకు 50 శాతం మార్కులు, ప్రతి పాఠ్యాంశంలోనూ 80 శాతం హాజరు అవసరం. మొదటి రెండు సెమిస్టర్ల పాఠ్యాంశాలన్నీ పూర్తి కానిదే అయిదవ సెమిస్టరు తరగతులకు అనుమతి లేదు. పదవ తరగతితో గణితాన్ని వదిలిన బై.పి.సి. విద్యార్థి, అప్పటికి నాలుగేళ్ళు గడిచాక సమాకలనం ఎదుట ఒంటరిగా కూర్చోవలసి వస్తుంది.

డి.ఫార్మసీ ముగించి నేరుగా మూడవ సెమిస్టరులో చేరేవారికి పూరక పాఠాలు వేరు: కమ్యూనికేషన్ స్కిల్స్, కంప్యూటర్ అప్లికేషన్స్.

ప్రవేశం పొందే రోజుననే కళాశాల కార్యాలయంలో కాలపట్టిక చూపించమని అడగండి. పూరక పాఠం వారంలో ఏ గంటలలో ఉన్నదో, ఎవరు బోధిస్తారో, ప్రవేశాలు ఆలస్యమైతే తప్పిన గంటలను ఎప్పుడు చెబుతారో తెలుసుకొని వ్రాసుకొనండి.