స్కంకు దుర్గంధము, దాని విరుగుడు

ఆత్మరక్షణకు ప్రాణులు అవలంబించే పద్ధతులు అనేకం. తాబేలుకు డిప్ప, ముళ్లపందికి ముళ్లు, నాగుపాముకు విషము ఉన్నట్లే, ఉత్తర అమెరికాలోని స్కంకు అనే జంతువుకు దుర్గంధమే ఆయుధము. ఇది ఇంచుమించు పిల్లి అంత ఉంటుంది. ఒళ్లంతా నల్లని బొచ్చు, వీపు మీద తెల్లని చారలు. మన దేశపు అడవులలో ఇది లేదు. అమెరికా, కెనడా దేశాలలో మాత్రం రాత్రివేళ ఇళ్ల పెరళ్లలోకి కూడా వస్తుంది. అక్కడ కుక్కను పెంచేవారికి, ఆ దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సహా, దీనితో చిక్కు రావచ్చు.

స్కంకు తొందరపడి ఆయుధాన్ని ప్రయోగించదు. మొదట ముందుకాళ్లతో నేలను తడుతుంది, తోక పైకెత్తుతుంది. శత్రువు వెనుదిరగకపోతే, మలద్వారమునకు ఇరుప్రక్కల ఉన్న రెండు గ్రంథులనుండి పసుపుపచ్చని నూనెవంటి ద్రవాన్ని చిమ్ముతుంది. అది సుమారు మూడు మీటర్ల దూరం వరకు గురిగా పోయి తగులుతుంది. కుక్క ఆ హెచ్చరికను లెక్కచేయక మూతి ముందుకు చాస్తుంది. కనుక దెబ్బ తరచుగా దాని ముఖానికే తగులుతుంది.

ఈ ద్రవములో ఉన్నదేమిటి? అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విలియమ్ వుడ్ 1990లో ప్రకటించిన పరిశోధన ప్రకారం చారల స్కంకు ద్రవములో ఏడు ముఖ్య పదార్థాలున్నాయి. వాటిలో మూడు థయోల్ అనే జాతికి చెందినవి. సారాయములో ఆమ్లజని, ఉదజని జంటగా ఉండే చోట థయోల్‌లో గంధకము, ఉదజని జంటగా ఉంటాయి. ఆమ్లజని స్థానంలో గంధకము చేరడంతోనే వాసన దుర్భరమవుతుంది. గాలిలో పది కోట్ల పాళ్లకు ఒక పాలు ఉన్నా మన ముక్కు ఈ వాసనను పసిగట్టగలదు.

థయోళ్లు మనకు కొత్తవి కావు. వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదనే చెప్పవచ్చు. అది కారితే వెంటనే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే పదార్థాన్ని అతి స్వల్పంగా కలుపుతారు. అదీ ఒక థయోలే. స్కంకు శత్రువును తరమడానికి వాడే జాతి పదార్థమే మన వంటింటికి కాపలా కాస్తున్నదన్నమాట.

కుక్కను టమాటా రసంతో తోమితే వాసన పోతుందని అమెరికాలో చాలాకాలంగా ఒక నమ్మకం ఉన్నది. నిజానికి అది పోదు. ఒకే వాసనను కొంతసేపు పీల్చిన ముక్కు దానిని గుర్తించడం మానివేస్తుంది. అప్పుడు టమాటా వాసన ఒక్కటే తెలుస్తుంది. బయటినుండి అప్పుడే వచ్చినవారికి మాత్రం స్కంకు వాసన యథాతథంగా తగులుతుంది. ఒక వాసనను మరొక వాసనతో కప్పిపుచ్చడం వల్ల ప్రయోజనం లేదు. వాసనకు కారణమైన అణువునే మార్చాలి.

ఆ మార్గాన్ని పాల్ క్రేబామ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చూపాడు. ప్రయోగశాలలో గంధక వాయువుల కంపును పోగొట్టడానికి క్షారము కలిపిన హైడ్రొజన్ పెరాక్సైడును వాడుతుండేవాడు. సహోద్యోగి పిల్లి స్కంకు బారిన పడినప్పుడు దానినే మృదువుగా మార్చి ఇచ్చాడు. 1993లో ఆ సంగతి అచ్చయింది. పాళ్లు ఇవి: మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రొజన్ పెరాక్సైడు సుమారు 950 మిల్లీలీటర్లు, తినే సోడా పావు కప్పు, పాత్రలు తోమే ద్రవపు సబ్బు ఒకటి రెండు చెంచాలు.

ఇందులో ప్రతిదానికీ ఒక పని ఉన్నది. స్కంకు ద్రవము నూనెవంటిది గనుక నీటికి లొంగదు. సబ్బు దానిని బొచ్చునుండి విడదీసి నీటితో కలుపుతుంది. పెరాక్సైడు ఆమ్లజనిని అందిస్తుంది. సోడా కలిగించే క్షారగుణము ఈ చర్యను త్వరితం చేస్తుంది. థయోల్‌లోని గంధకానికి ఆమ్లజని చేరి చివరకు సల్ఫోనిక్ ఆమ్లపు లవణము ఏర్పడుతుంది. ఆ లవణము నీటిలో కరుగుతుంది, గాలిలోకి ఎగరదు. గాలిలోకి ఎగరని పదార్థము ముక్కుకు చేరదు గదా!

ఇక చేయవలసిన పద్ధతి. కుక్కను ఇంటిలోకి రానీయకూడదు. ముందుగా కళ్లను చల్లని మంచినీటితో బాగా కడగాలి. చేతులకు తొడుగులు వేసుకొని, మిశ్రమాన్ని అప్పటికప్పుడు కలిపి, కళ్లలో, నోటిలో పడకుండా బొచ్చుకు పట్టించాలి. అయిదు నిమిషాల తరువాత గోరువెచ్చని నీటితో కడిగివేయాలి. నల్లని బొచ్చు రంగు కొంచెం వెలవవచ్చు. మిగిలిన మిశ్రమాన్ని సీసాలో పోసి బిరడా బిగించరాదు. లోపల ఆమ్లజని వెలువడుతూనే ఉంటుంది, సీసా పగిలిపోతుంది. ఈ మిశ్రమాన్ని సీసాలలో నింపి అమ్మలేకపోవడానికి ఇదే కారణము.

కుక్క కళ్లు ఎర్రబడి తగ్గకపోయినా, వాంతులు, నీరసము, చిగుళ్లు పాలిపోవడం కనిపించినా పశువైద్యునికి చూపాలి. థయోళ్లు ఎర్ర రక్తకణాలకు హాని చేసిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. ఒంటిమీద కాటు ఉన్నదేమో కూడా వెదకాలి. ఉత్తర అమెరికాలో రేబిస్ వ్యాధిని మోసే జంతువులలో స్కంకు ఒకటి. కాటు కనిపిస్తే, కుక్కకు లోగడ టీకాలు వేయించి ఉన్నప్పటికీ, ఆలస్యం చేయరాదు.

ఇంత చేసినా, కొన్ని రోజుల తరువాత వానలో తడిసిన కుక్కనుండి ఆ కంపు మళ్లీ రావచ్చు. పైన చెప్పిన ఏడు పదార్థాలలో మరి మూడు థయో అసిటేట్లు. వీటికి స్వతహాగా అంత వాసన లేదు. కాని నీరు తగిలితే ఇవి మెల్లగా విడిపోయి మళ్లీ థయోళ్లుగా మారుతాయి. బొచ్చులో ఎక్కడో మిగిలిన లేశము తేమ తగలగానే మేలుకొంటుందన్నమాట. అప్పుడు తాజాగా కలిపిన మిశ్రమంతో ఆ చోటును మరొకసారి కడగాలి.

మన పునుగుపిల్లికి కూడా తోక మూలము దగ్గర గ్రంథులున్నాయి. కాని దాని స్రావాన్ని మనవారు సుగంధద్రవ్యంగా వాడుకొన్నారు. ఆ పరిమళానికి మూలమైన సివెటోన్ అణువులో గంధకము లేదు. తరగతిలో గంధకపు సమ్మేళనాలను గురించి పాఠము చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ రెండు జంతువులను ప్రక్కప్రక్కన నిలిపి చూపవచ్చు.