తండ్రి నుంచి వచ్చిందా, బావి నుంచి వచ్చిందా?

"తాతకు కిడ్నీ జబ్బు. నాన్నకూ అదే జబ్బు. ఇక నాకూ తప్పదేమో!" పుల్లలచెరువు వైపు ఒక ఊళ్ళో పదో తరగతి విద్యార్థికి ఇలాంటి భయం పట్టుకుందనుకోండి. ఇరుగుపొరుగువారిలో ఒకరు "అంతా నీళ్ళలోని ఫ్లోరైడు" అంటారు. మరొకరు "వంశానికి తగిలిన శాపం" అంటారు. శాపం మాట అలా ఉంచుదాం. జబ్బు నీటి వల్ల వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అనేది ఎలా తెలుస్తుంది? ఇందుకు మనం మూత్రపిండంలోని ఒక చిన్న కణం దగ్గరికి వెళ్ళాలి.

మన మూత్రపిండం ఒక్కొక్కటీ పిడికిలంత ఉంటుంది. అందులో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు ఉంటాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. మిగిలినదంతా తిరిగి రక్తంలోకే వెళుతుంది. ఈ గొట్టాల గోడలు ఒక్క వరుస కణాలతో కట్టినవి.

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్ళు గుర్తుకొస్తాయి. కాని కణానికి అది కబురు మోసుకొచ్చే పదార్థం కూడా. కణం లోపల ఉన్న దానికంటే బయట కాల్షియం అయాన్ల గాఢత సుమారు పదివేల రెట్లు ఎక్కువ. నిండు చెరువునూ, దాని కింది పొలాన్నీ ఊహించుకోండి. తూము ఎత్తితే నీరు దానంతటదే పొలంలోకి పారుతుంది. కణపొరలో ఉండే కాల్షియం చానెళ్ళు ఇలాంటి తూములే. లోపలికి వచ్చిన కాల్షియాన్ని తిరిగి బయటికి తోడడానికి పంపుల వంటి ప్రొటీనులున్నాయి. ఆ పంపులకు ఇంధనం ఏ.టి.పి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి అమెరికాలోని హార్వర్డులో పనిచేస్తూ 1929లో కండరాల్లో కనుగొన్న పదార్థం ఇదే!

మూత్రపిండ గొట్టంలోని కణాల మీద వెంట్రుక వంటి శైలిక ఒకటి పొడుచుకొని ఉంటుంది. దాని మీద పాలిసిస్టిన్-1, పాలిసిస్టిన్-2 అనే రెండు ప్రొటీనులు జంటగా ఉంటాయి. రెండోది కాల్షియాన్నీ, మరికొన్ని అయాన్లనూ పోనిచ్చే తూము. అది ఏ కబురు అందుకొని తెరుచుకుంటుందో శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. ఈ జంటలో ఏ ఒక్కటి చెడినా కణం లోపలి కాల్షియం లెక్క తప్పుతుంది. అప్పుడు సైక్లిక్ ఏ.ఎం.పి. అనే మరో పదార్థం పెరుగుతుంది. దాంతో కణాలు అవసరం లేకుండా విభజన చెందుతాయి, గొట్టంలోకి ద్రవాన్ని వదులుతాయి. గొట్టం గోడ ఉబ్బి నీటితిత్తి అవుతుంది. ఏళ్ళ తరబడి ఇలాంటి తిత్తులు వందలుగా పెరిగి, మంచి భాగాన్ని నొక్కేస్తాయి. ఇదే 'బహుతిత్తుల మూత్రపిండ వ్యాధి'.

పాలిసిస్టిన్-1 జన్యువును 1994లో 16వ క్రోమోజోము మీద, పాలిసిస్టిన్-2 జన్యువును 1996లో 4వ క్రోమోజోము మీద గుర్తించారు. ఈ లోపం బహిర్గత లక్షణం. తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని చెడిన జన్యువు ఒక్కటి వస్తే చాలు. రూపాయి బిళ్ళ ఎగరేస్తే బొమ్మ పడటానికి ఎంత అవకాశముందో, ప్రతి బిడ్డకూ ఇది రావడానికి అంతే అవకాశం. ఆడపిల్లయినా, మగపిల్లవాడయినా ఒకటే. అన్నకు వచ్చింది కనుక తమ్ముడికి రాదని గాని, తప్పక వస్తుందని గాని చెప్పలేం. ప్రతిసారీ బిళ్ళను కొత్తగా ఎగరేసినట్టే!

మరి నీళ్ళ సంగతి? ఆనాటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లాలోని ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లో వర్ణించారు. అప్పట్లో ఆ జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు తర్వాత ప్రకాశం జిల్లాలో కలిశాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళకూ, ఎముకలకూ ముప్పు. దాన్ని ఒంట్లోంచి బయటికి పంపే పని ముఖ్యంగా మూత్రపిండాలదే. కనుక అవి దెబ్బతిన్నవారిలో అది మరింతగా పేరుకుంటుంది. అయితే ఈ వంశపారంపర్య తిత్తులకు కారణం ఫ్లోరైడు కాదు.

ఇప్పుడు మీరే ఆలోచించండి. నీటి దోషమైతే అదే బావి నీళ్ళు తాగే పక్కింటివారికీ, వేరే ఊరి నుంచి వచ్చిన కోడలికీ తగలవచ్చు. జన్యుదోషమైతే కోడలిని వదిలేసి, పట్నంలో కాపురముంటున్న కూతురికి రావచ్చు. ఒక ఇంట్లో ఇద్దరికి జబ్బు ఉన్నంత మాత్రాన అది రక్తంలో వచ్చినదే అనుకోకూడదు. ఒకే ఇంటివారు జన్యువులతో పాటు నీళ్ళనూ, తిండినీ, అలవాట్లనూ పంచుకుంటారు కదా! మధుమేహం, రక్తపోటు కూడా మూత్రపిండాలను పాడుచేస్తాయి.

అనుమానం తీర్చుకోవడానికి దారి ఉంది. అల్ట్రాసౌండు స్కానింగులో తిత్తులు కనిపిస్తాయి. చిన్న వయసులో కనిపించకపోతే మాత్రం, ఇక రావని అప్పుడే తేల్చలేం. వ్యాధిని పూర్తిగా మాన్పే మందు ఇంకా లేదు. కాని సైక్లిక్ ఏ.ఎం.పి.ని తగ్గించే టోల్వాప్టాన్ అనే మందును ఈ వ్యాధికి 2014లో మొదట జపాను ఆమోదించింది. అది కొందరిలో తిత్తుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. రక్తపోటును అదుపులో ఉంచుకోవడం, ఉప్పు తగ్గించడం, డాక్టరును అడగకుండా నొప్పి బిళ్ళలు మింగకపోవడం అందరి చేతిలోనూ ఉన్న పనులు.

కాబట్టి మన పదో తరగతి విద్యార్థి భయపడుతూ కూర్చోనక్కరలేదు. నాన్న స్కానింగు కాగితంలో తిత్తులున్నాయో లేవో ముందు డాక్టరును అడగాలి. ఇంట్లో తాగే నీటిని పరీక్ష చేయించాలి. ఈ రెండు జవాబులూ చేతికి వస్తే, తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది.