భోగి తెల్లారగట్ల నడుము సంగతి

సంక్రాంతికి ఊరొచ్చే అమ్మాయిలకీ, అల్లుళ్ళకీ, మనవలకీ ముందుగా ఓ మాట. కోడిపందేల కబుర్లూ పిండివంటల కబుర్లూ మీకు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను నడుము సంగతి చెబుతాను. మన గోదావరి జిల్లాల్లో కనుమ నాటికి ఏ అరుగు మీద చూసినా నడుం పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఒకరైనా కనిపిస్తారు. అందులో చాలా మటుకు తప్పించుకోదగ్గ నొప్పే.

మన వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలుంటాయి, డిస్కులంటాం. వాటి నడుమ ఉండే జిగురు పదార్థానికి నీళ్ళు పీల్చుకునే గుణం ఉంది. పగలంతా ఒంటి బరువుకి ఆ నీరు కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. రాత్రి వెల్లకిలా పడుకోగానే మళ్ళీ లోపలికి చేరుతుంది. అందుకే పొద్దున్న లేచేసరికి మనిషి రాత్రికంటే సుమారు ఒక శాతం, అంటే సెంటీమీటరున్నర పైచిలుకు, పొడుగుంటాడు. పిల్లల్ని గుమ్మానికి ఆనించి పొద్దునొకసారీ రాత్రొకసారీ పెన్సిలు గీత పెట్టి చూడండి, వాళ్ళకీ సరదా. ఆ పెరిగిన పొడవులో సగం దాకా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది.

చిక్కంతా ఆ గంటలోనే ఉంది. నీరు పట్టి బిగిసున్న డిస్కు వంగడానికి సహకరించదు. అప్పుడు ముందుకి వంగితే దానిమీదా, వెనకనున్న లిగమెంట్లమీదా పడే లాగుడు సాయంత్రం వంగినప్పటికంటే చాలా ఎక్కువ. అమెరికాలో స్టూవర్ట్ స్నూక్ అనే ఆయన బృందం ఎన్నాళ్ళుగానో నడుంనొప్పితో బాధపడుతున్నవాళ్ళని పొద్దున్నే ముందుకి వంగకుండా ఉండమని చెప్పి చూసింది. నొప్పి బాగా తగ్గింది. ఆ ఫలితం 1998లో అచ్చయింది. మందూ లేదు, మాకూ లేదు.

మరి భోగి నాడు మన ఆడపిల్లలు చేసేదేమిటి? తెల్లారగట్ల లేచి, కళ్ళాపి చల్లి, ఎడం చేత్తో ముగ్గు చిప్ప మోకాలికి ఆనించుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్యనుంచి పిండి జారుస్తూ చుక్కలు పెట్టడం. ఇరవయ్యొక్క చుక్కల ముగ్గంటే నడుం ఎత్తకుండా ఎంతసేపో! అలా వంగే ఉంటే వెన్ను వెనక లిగమెంట్లు మెల్లగా సాగుతాయి. లేచి నిలబడ్డాక కూడా కాసేపు ఆ వదులు పోదు. సరిగ్గా ఆ వదులులోనే చటుక్కున నీళ్ళ బిందె ఎత్తుతారు, నడుం పట్టేస్తుంది.

కాబట్టి అమ్మలూ, లేచిన అరగంట, కుదిరితే గంట, ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. కాఫీ నిలబడే తాగండి. ఆ తర్వాత ముగ్గు మొదలెట్టండి. నాలుగు వరసలకోసారి లేచి, చేతులు నడుం మీద పెట్టి వెనక్కి వంగండి. చిన్న పీట ఉంటే దానిమీద కూర్చుని జరుపుకుంటూ వెయ్యండి.

డిసెంబరు 16 ప్రాంతంలో సంక్రాంతి నెల పట్టిన దగ్గర్నుంచీ రోజూ వాకిట్లో ముగ్గేసే అమ్మాయికి ఈ బాధ తక్కువ. ఒకసారి కొత్త పని చేసి నొప్పి పడ్డ కండ, మళ్ళీ అదే పనికి కొన్ని వారాలపాటు తట్టుకుంటుంది. హైదరాబాదునుంచి భోగి ముందు రాత్రి దిగిన పిల్లకి ఆ సాధన ఉండదు. రెండు వారాల ముందునుంచే అక్కడి ఫ్లాటు గుమ్మంలో చిన్న ముగ్గయినా వేస్తూ ఉండమ్మా.

ఇక దుంగలు. భోగిమంటకి పది కిలోల మొద్దు చేతులు చాపి ఎత్తితే, అది నడుముకి అరమీటరు ముందుంటుంది. దాన్ని ఆపాల్సిన వెన్ను కండరం డిస్కుకి వెనక అయిదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. కావడిబద్దని మధ్యలో కాకుండా ఓ కొస దగ్గర భుజానికెత్తుకుంటే పొట్టి వైపు ఎంత బలంగా అదిమిపట్టాలో ఊహించండి. లెక్క ప్రకారం ఆ కండరం పదింతలు, అంటే వంద కిలోల బరువుకి సమానంగా లాగాలి. మన ఒంటి బరువు లెక్క వేరే. అదే మొద్దుని పొట్టకి ఆనించి ఎత్తితే ఆ లాగుడు సగానికి పడిపోతుంది. దుంగ దగ్గరికి మీరు వెళ్ళండి, దుంగని మీ దగ్గరికి లాక్కోండి, తిరగాలంటే పాదాలతో తిరగండి. నడుము మెలి తిప్పకండి.

అరిసెల పాకంలో పిండి కలిపేటప్పుడు కూడా ఒకరే తెడ్డు పట్టుకుని పంతానికి పోకండి. పిండి పడేకొద్దీ, చల్లారేకొద్దీ పాకం బిగుస్తుంది, మణికట్టూ భుజమూ అప్పుడే పట్టేస్తాయి. చేతులు మారండి.

కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద అక్కడికి చేరతాయి. 2023 గణతంత్ర వేడుకల్లో మన రాష్ట్ర శకటం ఈ తీర్థం మీదే. గంగలకుర్రు ఊరి ప్రభల్ని మోసేవాళ్ళు వరిచేలల్లోంచి నడిచి కౌశిక నది నీళ్ళలోకి దిగుతారు. ఆ దిగడంలోనే కండకి అసలు శ్రమ. ఎక్కేటప్పుడు కండ కుంచించుకుంటుంది, దిగేటప్పుడు బరువు ఆపుతూ సాగుతుంది. అలా సాగినప్పుడే లోపలి పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. నొప్పి వెంటనే తెలియదు, మర్నాడూ ఆ మర్నాడూ తెలుస్తుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుందని చాలామంది అంటారు గానీ, అది గంటా గంటన్నరలోనే పోతుంది. కాబట్టి అబ్బాయిలూ, మొదటిసారి భుజం పెట్టేవాళ్ళు కొద్దిదూరమే మొయ్యండి, భుజం మీద తువ్వాలు మందంగా మడిచి వేసుకోండి, సాటివాళ్ళతో అడుగు కలపండి. మర్నాడు కండలు పట్టేస్తే వేన్నీళ్ళ స్నానం చేసి, నెమ్మదిగా నడవండి. మంచానికి అతుక్కుపోతే బిగుసుకుపోవడం ఇంకా ఎక్కువవుతుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీరూ ఆ రాత్రే బస్సెక్కకండి, ముక్కనుమ కూడా ఉండి వెళ్ళండి. దారిలో బస్సాగిన చోటల్లా దిగి నాలుగడుగులు వెయ్యండి.

ఆఖరుగా ఒక్క మాట. నొప్పి కాల్లోకి జారినా, పాదం పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఒంటేలు ఆగిపోయినా నాటువైద్యం, తోమడం జోలికి పోకండి. పండగెళ్ళాక చూద్దాంలే అనుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.